యాభై ఏడు స్టేషన్లు... ఒకే ఒక్క సినిమా హాలు!

సినిమాకి పేరు పెట్టడం ఎంత కష్టమో ఏ నిర్మాతనైనా అడిగి చూడండి. కథ కుదురుతుంది, హీరోగారి కాల్షీట్లు కుదురుతాయి, ఫైనాన్సు కూడా కుదురుతుంది. పేరు మాత్రం ఒక పట్టాన కుదరదు. రైలు స్టేషన్లకి పేర్లు పెట్టేవాళ్ళకి ఈ బాధ లేదనుకుంటాం. ఊరి పేరే స్టేషన్ పేరు, అంతే కదా! అంతే అయితే ఈ వ్యాసం రాయవలసిన పనే ఉండేది కాదు.

మాది కశింకోట. విశాఖపట్నం నుంచి తుని వైపు వెళ్ళే పాసింజరు బండి అనకాపల్లి దాటాక ఆగే చిన్న స్టేషను. పెద్ద బళ్ళు మా ప్లాట్‌ఫారం మీద దుమ్ము రేపుకుంటూ పోతాయే తప్ప ఆగవు. ఆ పాసింజరు బండిలో కిటికీ పక్కన కూర్చుని పేర్లు చదువుకుంటూ పెరిగిన వాళ్ళం మేము. మర్రిపాలెం, సింహాచలం, దువ్వాడ, తాడి, అనకాపల్లి, కశింకోట, బయ్యవరం, నర్సింగపల్లి, ఎలమంచిలి, రేగుపాలెం... ఒకటి మర్రిచెట్టు, ఒకటి తాడిచెట్టు, ఒకటి రేగుచెట్టు, మధ్యలో అప్పన్న కొండ. తరవాత వచ్చేది నర్సీపట్నం రోడ్. ఈ 'రోడ్' అన్న తోక ఉంది చూశారూ, అది మహా మాయలాడి. అక్కడ దిగితే నర్సీపట్నం కనపడదు. ఇంకా పాతిక కిలోమీటర్ల పైచిలుకు బస్సులో పోవాలి. "రైలు ఇంతవరకే, ఇక్కడినించి రోడ్డే గతి" అని రైల్వేవారు ముందే మర్యాదగా చెప్పేశారన్నమాట!

చెట్ల పేర్ల నడుమ మా ఊరి పేరొకటే వేరే బాణీలో ఉంటుంది. ముందు ఖాసిం, వెనక కోట. మా ప్రాంతాన్ని ఒకప్పుడు గోల్కొండ సుల్తానులు ఏలారు. ఆ రోజుల్లో అటునుంచి వచ్చిన పేరుకి ఇక్కడి తెలుగు మాట అతుక్కుని కశింకోట అయిందంటారు. చిన్నప్పుడు ఈ సంగతి పెద్దగా పట్టించుకోలేదు. హైదరాబాదు మెట్రో రైలెక్కి మూడు రోజులు అదే పనిగా తిరిగాక మాత్రం, "ఓహో, మా ఊరి చుట్టాలందరూ ఇక్కడున్నారా!" అనిపించింది. యూసుఫ్‌గూడ, హబ్సిగూడ, అమీర్‌పేట, మూసాపేట... అన్నీ మా కశింకోట వరసే. తల ఒక భాషది, తోక ఒక భాషది.

మూడు రోజులు రైల్లో తిరగడమేమిటి, పనీపాటా లేదా అంటారేమో. పని ఇదే! మా మేనల్లుడు అమీర్‌పేటలో ఒక గదిలో మరో నలుగురితో ఉండి కంప్యూటర్ కోర్సు చదువుతున్నాడు. వాడిని చూడ్డానికి వెళ్ళాను. మావాడికి సెలవులొచ్చాయి. "మావయ్యా, చార్మినారు చూద్దామేటి, గోల్కొండ చూద్దామేటి?" అన్నాడు. "ముందు రైలెక్కుదాం రా" అన్నాను. వాడు నన్ను అదోలా చూశాడు.

మూడు పెట్టెల బండి

ముందు నాలుగు లెక్కలు చెప్పుకుందాం. హైదరాబాదు మెట్రో 2017 నవంబరు 28న ప్రారంభమైంది. మర్నాటి నుంచి జనాన్ని ఎక్కించుకుంది. మొదట నాగోలు నుంచి అమీర్‌పేట మీదుగా మియాపూర్ దాకా 30 కిలోమీటర్లు. ఆ తరవాత ముక్కలు ముక్కలుగా పెరుగుతూ వచ్చి, 2020 ఫిబ్రవరి 7న జూబ్లీ బస్ స్టేషన్, మహాత్మా గాంధీ బస్ స్టేషన్ల మధ్య లైను కూడా మొదలయ్యేసరికి మొత్తం 69 కిలోమీటర్లు, 57 స్టేషన్లు అయ్యాయి. మియాపూర్ నుంచి ఎల్.బి. నగర్ దాకా ఎర్ర లైను. నాగోలు నుంచి రాయదుర్గం దాకా నీలం లైను. రెండు బస్ స్టేషన్ల మధ్యది ఆకుపచ్చ లైను. ఎర్రదీ నీలందీ అమీర్‌పేట దగ్గర ఒకదాన్నొకటి దాటుకుంటాయి.

బండికి మూడే మూడు పెట్టెలు. మా ఊరి మీదుగా పోయే గూడ్సు బండి చూసిన కళ్ళకి ఇది బొమ్మ రైలులా ఉంటుంది. కాని ఈ బొమ్మ రైలు మేడల రెండో అంతస్తు కిటికీల పక్కనుంచి, హోర్డింగుల మీద హీరోల కళ్ళలోకి సూటిగా చూస్తూ పోతుంది. కింద రోడ్డు మీద కార్లు, ఆటోలు ఒకదాని వెనకొకటి నిలబడి హారన్లు కొట్టుకుంటుంటే, పైన మనం ఏసీలో నిలబడి పోతుంటాం. కూర్చుని అనలేదు, గమనించారు కదూ! సాయంత్రం ఆరింటికి అమీర్‌పేటలో ఎక్కి చోటు దొరికించుకున్నవాడు మొదటిరోజు మొదటి ఆటకి టికెట్ దొరికించుకున్నవాడితో సమానం.

పల్లీలు లేవు, సమోసాలు లేవు, టీ కుర్రాడి కేక లేదు. లోపల తినడం నిషేధం. అందుకని చెవులకి మిగిలేది ఒక్కటే, స్టేషన్ల పేర్లు. తెలుగు, హిందీ, ఇంగ్లీషు మూడింటిలోనూ చెబుతారు. ఒకే పేరు మూడు నోళ్ళలో పడి మూడు రకాలుగా వినిపిస్తుంది. మొదటిరోజు నవ్వొచ్చింది. రెండో రోజుకి ఆ పేర్ల వెనక ఎవరున్నారా అన్న ఆరాటం పట్టుకుంది.

తీగ, హబ్సీ, బేగం

నాగోలు నుంచి నీలం లైనులో బయల్దేరితే కాసేపటికి హబ్సిగూడ వస్తుంది. హబ్సీలంటే ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ళు. నిజాం సైన్యంలో, అంగరక్షక దళాల్లో పనిచేశారు. ఎక్కడి ఆఫ్రికా, ఎక్కడి గూడెం! సముద్రాలు దాటి వచ్చిన మనుషుల్ని తెలుగువాళ్ళు ఒక్క 'గూడ' తగిలించి ఇంటివాళ్ళని చేసేసుకున్నారు. పక్కనే తార్నాక. అదేదో దేవత పేరేమోనని మావాడు ఇన్నాళ్ళూ అనుకున్నాడట. తార్ అంటే తీగ, నాకా అంటే కాపలా చోటు. అక్కడొక తోటకి తీగ కంచె, ఓ పోలీసు కాపలా ఉండేవనీ, దాన్నిబట్టే తార్నాకా అయిందనీ చెబుతారు. తోట పోయింది, తీగ పోయింది. నాకా మాత్రం రైలు ఎక్కి కూచుంది.

సికిందరాబాదు సంగతి అందరికీ తెలిసిందే. మూడో నిజాం సికందర్ జా పేరు మీద 1806లో ఏర్పడిన ఊరు. మెట్రోవారు దానికి తూర్పు ఒకటి, పడమర ఒకటి రెండు స్టేషన్లిచ్చారు. బేగంపేట ఒక బేగంగారిది, అమీర్‌పేట పైగా వంశపు అమీరుగారిది. ఇప్పుడు ఆ అమీరుగారి పేటలో ఏ గోడ చూసినా కోచింగ్ సెంటర్ల కాగితాలే. ఉత్తరాంధ్ర నుంచి, రాయలసీమ నుంచి, కరీంనగర్ నుంచి వచ్చిన కుర్రకారంతా ఇక్కడే ఇరుకు గదుల్లో ఉండి అమెరికా కలలు కంటుంటారు. అమీరు అంటే ధనవంతుడు, ప్రభువు. అలా అని మావాడికి చెబితే, "నెలాఖరుకి అమీర్‌పేటలో ఒక్క అమీరూ ఉండడు మావయ్యా!" అన్నాడు.

ఈ అమీర్‌పేటకు దగ్గర్లోనే సారథీ స్టూడియో. మద్రాసులో ఉన్న తెలుగు సినిమా హైదరాబాదు వైపు తొలి అడుగు వేసింది ఇక్కడే. పూర్తిగా హైదరాబాదులోనే తీసిన తొలి తెలుగు చిత్రంగా చెప్పుకునే 'మా ఇంటి మహాలక్ష్మి' 1959లో వచ్చింది. ఆ తరవాత అక్కినేనివారు 1976లో అన్నపూర్ణా స్టూడియో కట్టారు. జూబ్లీ హిల్స్ గుట్టలు ఫిలింనగర్ అయ్యాయి. మరి మెట్రోలో ఈ స్టూడియోల పేరేమైనా వినిపిస్తుందా? మధురానగర్, యూసుఫ్‌గూడ, రోడ్ నంబర్ ఫైవ్ జూబ్లీ హిల్స్, జూబ్లీ హిల్స్ చెక్‌పోస్ట్... ఊహూఁ! ఇంతమంది తారలున్న కొండకి దొరికిన పేర్లు ఒక రోడ్డు నంబరూ, ఒక చెక్‌పోస్టూ! ఆ చెక్‌పోస్టు కూడా ఇప్పుడు లేదు. లేని చెక్‌పోస్టు దగ్గర రోజూ వేలమంది దిగుతున్నారు.

తరవాతి స్టేషను పెద్దమ్మ గుడి. ఈ పేరు వినగానే ప్రాణం లేచొచ్చింది. కొబ్బరికాయ కొట్టకుండా క్లాప్ కొట్టని సినిమావాళ్ళు ఎంతమందో మొక్కుకునే గుడి ఇది. అద్దాల మేడల మధ్య ఒక గ్రామదేవత తన పేరుతో రైలుని ఆపుతోంది. మా అనకాపల్లి నూకాలమ్మ గుర్తొచ్చింది. కొత్త అమావాస్య నాటి జాతరకి మా వైపు జనం ఎలా కదుల్తారో చూసినవాళ్ళకి నేను చెప్పనక్కర్లేదు. పెద్దమ్మకి మెట్రో స్టేషనుంది. మా నూకాలమ్మకి ఎప్పుడొస్తుందో! విశాఖకి మెట్రో అన్న మాట మాత్రం ఏళ్ళ తరబడి వింటూనే ఉన్నాం.

దుర్గం చెరువు గోల్కొండ కోటకి ఒకప్పుడు నీళ్ళిచ్చిన చెరువు. 2020 సెప్టెంబరులో దాని మీద తీగల వంతెన వచ్చాక ప్రతి రెండో సినిమాలో ఒక పాట అక్కడే. తరవాత హైటెక్ సిటీ. ఇది పేరు కాదు, పొడి అక్షరాల పోగు. ఇంగ్లీషులో ఉన్న బారెడు పేరుని కత్తిరించి కుట్టారు. ఈ లైను చివరన రాయదుర్గం. అనంతపురం వైపు వాళ్ళు "మా రాయదుర్గం కాదా!" అని ఉలిక్కిపడతారు. కాదు.

అక్షరాల మాట వచ్చింది గనక చెబుతున్నాను. ఈ 57 స్టేషన్లలో పదింటికి పైగా ఇలాంటివే. జె.ఎన్.టి.యు., కె.పి.హెచ్.బి., ఇ.ఎస్.ఐ., ఎస్.ఆర్. నగర్, ఎల్.బి. నగర్, ఎన్.జి.ఆర్.ఐ... ఎస్.ఆర్. అంటే సంజీవరెడ్డి అనీ, ఎల్.బి. అంటే లాల్ బహదూర్ అనీ బండిలో నలుగురు కుర్రాళ్ళని అడిగితే ఒక్కడు చెప్పాడు. తప్పు వాళ్ళది కాదు లెండి. ఎన్టీఆర్, ఏఎన్నార్, ఎస్వీఆర్ అని పిలుచుకోవడం మనకి వెండితెర నేర్పిన అలవాటే. కాకపోతే ఎస్వీఆర్ అనగానే ఒక కంఠం వినిపిస్తుంది, ఒక కనుబొమ్మ పైకి లేస్తుంది. కె.పి.హెచ్.బి. అంటే ఏం లేస్తుంది? అద్దె లేస్తుంది!

రెండు స్వర్గాలు

ఎర్ర లైనులో పంజాగుట్ట దాటగానే ఇర్రం మంజిల్. దీని కథ విన్నాక, ఇలాంటి స్క్రీన్‌ప్లే మన రచయితలెవరైనా రాయగలరా అనిపించింది. ఫక్రుల్ ముల్క్ అనే నవాబుగారు ఒక గుట్ట మీద పెద్ద భవనం కట్టుకున్నారు. ఆ గుట్టని జనం ఎర్రమట్టిని బట్టి 'ఎర్ర' అన్న మాటతోనే పిలిచేవారట. నవాబుగారికి ఆ మాట వినబడగానే ఫారసీలో 'ఇరం' గుర్తొచ్చింది. ఇరం అంటే స్వర్గవనం. భవనానికి ఇరం మంజిల్ అని పేరు పెట్టి, ఎర్రరంగు వేయించాడంటారు. ఊరివాళ్ళ మాట చెడలేదు, నవాబుగారి ముచ్చటా తీరింది. ఇక్కడితో కథ అయిపోలేదు. తెలుగువాళ్ళం ఇవాళ దాన్ని ఏమంటున్నాం? ఎర్రమంజిల్! నవాబుగారి స్వర్గం నుంచి మళ్ళీ మన ఎర్రమట్టిలోకి దింపేశాం.

ఈ భవనాన్ని కూల్చి కొత్త అసెంబ్లీ కట్టాలని 2019లో ప్రభుత్వం తలపెట్టింది. జనం కోర్టుకెళ్ళారు. ఆ సెప్టెంబరులో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. కనక ఈ స్వర్గం ఇంకా నేల మీదే ఉంది.

రెండో స్వర్గం నీలం లైనులో ఉంది. సికిందరాబాదు దాటాక పరేడ్ గ్రౌండ్, ఆ వెంటనే పేరడైజ్. ఇంగ్లీషులో స్వర్గమే. పేరు చెప్పగానే మావాడి నోట్లో నీళ్ళూరాయి. "బిర్యానీ స్టేషన్ మావయ్యా!" అన్నాడు. వాడే కాదు, బండిలో ఎవరినడిగినా అదే మాట. అసలు సంగతేమిటంటే పేరడైజ్ ఒక సినిమా హాలు. ఆ హాలు పక్కన 1953లో ఓ చిన్న కెఫే పెట్టారు. ఇంటర్వెల్లో బయటికొచ్చిన ప్రేక్షకులకి చాయ్, తినుబండారాలూ అందించే కెఫే. అదే పెరిగి పెద్దదై బిర్యానీకి పేరుమోసింది. హాలు పోయింది. కెఫే హాలు పేరుని కాపాడింది. రైలు ఆ పేరుని మోస్తోంది.

మా ఎదుట కూచున్న ఒక పెద్దాయన మా మాటలు విని నవ్వాడు. తలకి తెల్ల టోపీ, చేతిలో మందుల సంచి. "బిర్యానీ కాదు బాబూ, టాకీసు! మేము నడిచి వచ్చేటోళ్ళం, సినిమా అయినంక నడిచి పోయేటోళ్ళం" అన్నాడు. ఏ సినిమాలు చూశారండీ అని అడిగాను. చెప్పడానికి నోరు తెరిచాడు. ఇంతలో "తదుపరి స్టేషన్ రసూల్‌పురా" అని వినిపించింది. ఆయన దిగవలసింది అక్కడే. సంచి సర్దుకుని, తలుపులు తెరుచుకోగానే చెయ్యి ఊపి దిగిపోయాడు. ఆ సినిమాల పేర్లు ఆయనతోనే వెళ్ళిపోయాయి.

అప్పుడు మావాడితో చెప్పి తలుపు పైనున్న స్టేషన్ల పటం మొత్తం చదివించాను. ఎర్ర లైను, నీలం లైను, ఆకుపచ్చ లైను. యాభై ఏడు పేర్లు. ఆస్పత్రులున్నాయి, కాలేజీలున్నాయి, బజార్లున్నాయి, నవాబులున్నారు. సినిమా హాలు పేరుతో ఉన్న స్టేషన్ ఒకే ఒక్కటి, పేరడైజ్. ఆ హాలు లేదు. తెలుగు సినిమా రాజధానిలో సినిమా హాలుకి దక్కిన చోటు అదీ!

మా విశాఖ ఈ విషయంలో నయం. జగదాంబ జంక్షన్ అనని విశాఖవాసి ఎవరన్నా ఉన్నాడా? 1970లో వచ్చిన జగదాంబ 70 ఎం.ఎం. హాలు పేరు మీద ఊరి నడిబొడ్డుకే పేరు పడిపోయింది. ఆ హాలూ ఉంది, పేరూ ఉంది. మా కశింకోట కుర్రాళ్ళు బస్సెక్కి ఇంగ్లీషు సినిమా కోసం విశాఖ వెళ్ళి దిగేది జగదాంబ దగ్గరే. కాని విశాఖ స్టేషనుకి పాత పేరేమిటో ఈ తరంవాళ్ళని అడగండి! వాల్తేరు. 1987లో మార్చారు. రైల్వేవారి వాల్తేరు డివిజన్ అన్న పేరు ఒక్కటి మిగిలింది. 2025లో అదీ విశాఖపట్నం డివిజన్ చేశారు. మా నాయనమ్మ తరంవాళ్ళ నోట్లో తప్ప ఆ పేరుతో టికెట్ అడిగేవాళ్ళు లేరిప్పుడు.

మంచి పేరు

మళ్ళీ ఎర్ర లైనుకి వద్దాం. ఇర్రం మంజిల్ తరవాత ఖైరతాబాద్. కుతుబ్‌షాహీ రాజకుమారి ఖైరున్నిసా పేరు మీద వచ్చింది. ఆమె కట్టించిన మసీదు 1626 నాటిది. ఇప్పుడీ పేరు చెబితే రాష్ట్రమంతటా గుర్తొచ్చేది మహాకాయుడైన వినాయకుడు. రాజకుమారి మసీదూ, గణపతి పందిరీ ఒకే పేరు కింద సర్దుకున్నాయి.

లక్డీకాపూల్. కర్రల వంతెన. కర్ర ఎక్కడుంది? కాంక్రీటు స్తంభాల మీద కాంక్రీటు స్టేషను. ఈ పేరు వింటే నాకు పాత సినిమా టైటిల్సే గుర్తొస్తాయి. సినిమాలో ఎక్కడా కనపడని వస్తువు పేరు పోస్టర్ మీద వేస్తారు చూడండి, అలా!

నాంపల్లి దగ్గర కాస్త ఆగాలి. గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాదు వచ్చిన పాతకాలపు ఉత్తరాంధ్రవాళ్ళకి నాంపల్లి అంటే సొంత గుమ్మం. 1974 నుంచి నడుస్తున్న ఆ బండి ఎక్కడానికి మా కశింకోట వాళ్ళం అనకాపల్లి వెళ్ళాలి. పెట్టెలు, బెల్లం దిమ్మలు, ఆవకాయ జాడీలు మోసుకుని ఎంతమంది ఆ ప్లాట్‌ఫారం మీద దిగారో లెక్క లేదు. అబ్దుల్లా కుతుబ్ షా కొలువులో నేక్‌నామ్ ఖాన్ అనే పెద్ద అధికారి ఉండేవాడు. నేక్‌నామ్ అంటే మంచి పేరు. ఆయన పేరు మీద వచ్చిన పల్లె గనకనే నాంపల్లి అంటారు. వాడుకలో 'నేక్' రాలిపోయింది. 'నామ్' మిగిలింది. పేరుపల్లి! పేర్ల కోసం తిరిగేవాడికి ఇంతకన్న పెద్ద స్టేషన్ ఏముంటుంది?

మహాత్మా గాంధీ బస్ స్టేషన్‌కి పాత పేరు ఇమ్లీబన్. చింతతోపు అని అర్థం. మా లైనులో మర్రి, తాడి, రేగు ఉంటే, ఇక్కడ చింతచెట్టు ఉందన్నమాట. కాని పటంలో లేదు. ఆటోవాడి నోట్లో ఉంది. "ఇమ్లీబన్ పోతావా?" అంటే చాలు, మారు మాట్లాడకుండా మీటరు వేస్తాడు. మీటరు వేస్తాడన్నది కవిత్వం లెండి, మాట వరసకి అన్నాను.

మూసీ దాటి మలక్‌పేట, న్యూ మార్కెట్, ఆ తరవాత మూసారాంబాగ్. ఇది ఏ మూసాగారి, ఏ రాముగారి తోట అనుకుంటున్నారు? ఇద్దరిదీ కాదు. ఫ్రాన్సు దేశపు దొరది! మిషెల్ జోషిం రేమాఁ అనే సైనికుడు రెండో నిజాం కొలువులో చేరి, ఫిరంగులు పోయించి, సైన్యాన్ని తీర్చిదిద్ది 1798లో కన్నుమూశాడు. ఆయన్ని అక్కడి జనం ఎంతగా అభిమానించారంటే, 'ముస్యే రేమాఁ' అన్నది నోరు తిరక్క హిందువులు మూసారాం అనీ, ముస్లిములు మూసారహీం అనీ పిలుచుకున్నారు. ఎవరికి కావలసిన దేవుణ్ణి వాళ్ళు ఆయన పేరులో వెదుక్కున్నారు. ఆయన సమాధి ఇప్పటికీ అక్కడికి దగ్గర్లో ఒక గుట్ట మీద ఉంది. దాని మీద చెక్కినవి రెండే అక్షరాలు, జె.ఆర్. పొడి అక్షరాల స్టేషన్లని ఇందాక వెక్కిరించాను గాని, ఈ రెండక్షరాల ముందు నిలబడ్డప్పుడు నాకు నవ్వు రాలేదు. ఆయన మతం వేరు, మాట వేరు, దేశం వేరు. రాళ్ళ మీద రెండక్షరాలే మిగిలినా, జనం నోట్లో పేరు రెండు వందల ఏళ్ళకి పైగా బతికింది. మావాడు సెల్‌ఫోన్‌తో ఫోటో తీయబోయి ఎందుకో ఆగి, కాసేపలా చూస్తూ నిలబడ్డాడు.

ఇంకో మాట. నగరంలో ఇప్పుడు ఇంటి గుర్తులు స్టేషన్లతో కూడా చెప్పడం లేదు. "మెట్రో పిల్లర్ నంబరు ఫలానా దగ్గరికొచ్చి ఫోన్ చెయ్యండి" అంటున్నారు. షాపుల బోర్డుల మీద కూడా అదే చిరునామా. బేగం పోయి, అమీరు పోయి, చివరికి స్తంభం నంబరు! దీనికి నేను ఒప్పుకోను. స్తంభాన్ని ఎవరు ప్రేమిస్తారు చెప్పండి?

నాలుగు హాళ్ళ కూడలి

ఆకుపచ్చ లైను అన్నిటికన్న చిన్నది. ఈ చివరినుంచి ఆ చివరికి పావుగంట చిల్లర. కాని సినిమా పిచ్చివాళ్ళకి అసలైన లైను ఇదే. జూబ్లీ బస్ స్టేషన్లో ఎక్కితే సికిందరాబాదు పడమర, గాంధీ హాస్పిటల్, ముషీరాబాద్, ఆ తరవాతది ఆర్.టి.సి. క్రాస్‌రోడ్స్. సంధ్య, సుదర్శన్, దేవి, సప్తగిరి... ఈ పేర్లు వినని సినిమా పాఠకుడు ఉండడు. పెద్ద హీరో సినిమా విడుదలంటే ఇక్కడి కటౌట్లు, పాలాభిషేకాలు, డప్పులు. ఇక్కడ ఎన్ని రోజులు ఆడింది, ఎంత వసూలు చేసిందన్నదే అభిమానుల పందెం. నిర్మాత లెక్కలు వేరు, అభిమాని లెక్క వేరు. అభిమాని లెక్క ఈ కూడలిలోనే తేలుతుంది.

ఓడియన్ పాత హాళ్ళు పోయాయి. సుదర్శన్ 70 ఎం.ఎం. పోయింది, 35 ఎం.ఎం. మిగిలింది. 2024 డిసెంబరు 4 రాత్రి సంధ్య దగ్గర ఒక కొత్త సినిమా తొలి ఆటకి జరిగిన తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణం పోయింది, ఆమె బిడ్డ ఆస్పత్రి పాలయ్యాడు. ఆ సంగతి తెలిసినవాళ్ళు ఆ గేటు దాటేటప్పుడు ఇప్పటికీ కాస్త నెమ్మదిగా నడుస్తారు. నేనూ అంతే.

ఇన్ని జరిగిన కూడలికి పటంలో ఉన్న పేరు బస్సుల సంస్థది. నాకు బస్సుల మీద కోపం లేదు. మా ఊరికి ఆర్.టి.సి. బస్సే దిక్కు. అయినా ఒక్క హాలు పేరు, ఒకే ఒక్కటి, ఈ స్టేషన్ బోర్డు మీద పడితే ఏం పోయేది? మా జిల్లాల్లో ఎన్నో ఊళ్ళల్లో హాళ్ళు మూతపడి కల్యాణ మండపాలయ్యాయి, గిడ్డంగులయ్యాయి. నేల టికెట్టుకి వరసలో నిలబడి చొక్కాలు చింపుకున్న చోట ఇవాళ పెళ్ళి భోజనాలు వడ్డిస్తున్నారు. అయినా ఆ హాలు పేరు చెప్పి అక్కడ బస్సు ఆపమనే ముసలమ్మలు ఇంకా ఉన్నారు. వాళ్ళ తరవాత ఎవరు ఆపమంటారు?

మేము ఆర్.టి.సి. క్రాస్‌రోడ్స్‌లో దిగేసరికి సాయంత్రం ఫస్ట్ షో వేళయింది. మెట్లు దిగుతుంటే కింద నుంచి మొక్కజొన్న కాల్చిన వాసన, బ్యానర్ల మీద పూలదండలు, అప్పుడే మ్యాట్నీ వదిలిన జనం. మా ముందు ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళు ఐదుగురు దిగుతున్నారు. అందులో ఒకడి ఫోను మోగింది. అవతలివాడు ఎక్కడున్నావని అడిగినట్టున్నాడు.

"సంధ్య కాడున్నరా, జల్ది రా!" అన్నాడు వీడు.

వాడి వెనకే మేమూ టికెట్ల కిటికీ వైపు నడిచాం.